నేను సగంలో ఆపేసిన దూతల కథ

మా చర్చిలో బెంచీలు ఉండేవి కావు. ఎవరి చాప వాళ్లు చంకన పెట్టుకుని పోవాల్సిందే. గుడియాత్తంలో కౌండిన్య ఏటి ఒడ్డున మట్టి గోడలు, తాటాకు కప్పు, ముందు ఒక వాకిలి, అంతే మా చర్చి. మగవాళ్లు కుడి పక్క, ఆడవాళ్లు ఎడమ పక్క. ఏ ఇంటి చాప ఎక్కడ పడాలో ఎవరూ గీత గీసి చెప్పలేదు గానీ, ఒకరి చోట ఇంకొకరు పరిస్తే ఆ వారమంతా ఏటి దగ్గర నీళ్లు ముంచేటప్పుడు అదే మాట.

నాకు చదువు తక్కువ. మిషను బడిలో మూడో తరగతి దాకా అరవ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు మాట ఇంట్లోదే, తెలుగు అక్షరం మాత్రం పెళ్లయ్యాక నా పెనిమిటి పలక మీద దిద్దించాడు. ఆయనది చిత్తూరు పక్క, పెళ్లికి మా ఊరు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అందుకే ఈ రాత కుదురుగా ఉండదు. విన్నది మాత్రం ఒక్క ముక్క మరిచిపోను. మరిచిపోయే దాన్నే అయితే ఈ సంగతి రాయాల్సిన పని ఉండేది కాదు.

మూడు నెలలకోసారి వేలూరు నుంచి పాదిరయ్య వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవాడు. ఆ రోజును బల్ల ఆదివారం అనేవాళ్లం. సంఘం మాట దాటిన వాళ్లకు బల్ల లేదు. వాళ్ల చాపను వాకిలి దగ్గరికి, చెప్పులు విడిచే చోటికి జరిపేవాళ్లు. జరిపేది పాదిరయ్య కాదు. ఆ ఇంటి మగవాడే తన చేత్తో ఎత్తి తీసుకుపోయి అక్కడ పరచాలి. గడువు తీరి, తప్పు ఒప్పుకున్నాక, మళ్లీ ఆ మగవాడే చాప ఎత్తుకొచ్చి ఇంటివాళ్ల పక్కన వేయాలి. అప్పుడు అందరూ లేచి నిలబడి పాట పాడేవాళ్లు.

మా నాయన తన చెల్లెలి చాపను వాకిలి దగ్గరికి జరిపిన రోజు నాకు తొమ్మిదేళ్లు.

అత్త చేసిన తప్పు ఇది. మామ జోలార్పేటకు రైలు పనికి పోయి అక్కడే జ్వరం తగిలి పోయాడు. మూడేళ్ల కొడుకును చంకనేసుకుని అత్త మా పక్క గుడిసెలోకి వచ్చింది. ఆ ఎండాకాలం పిల్లవాడికి అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, కళ్లు తెరవడు. మావాళ్లు ప్రార్థన చేశారు. అత్త కూడా చేసింది. చేస్తూ చేస్తూ, వైకాశి నెలలో గంగమ్మ సిరసు, అంటే ఆ దేవత తల బొమ్మ, వీధిలో ఊరేగి వస్తుంటే ఆ జనంలోకి పోయి, వేపాకు వేసిన చెంబెడు నీళ్లు పోసి, ఒక టెంకాయ కొట్టి వచ్చింది. పదో రోజున పిల్లవాడు పోయాడు. పాతిపెట్టి వచ్చిన మూడో ఆదివారం ఆ టెంకాయ సంగతి చర్చిలో లేచింది. ఏడాది వాకిలి చాప అన్నారు.

నాయన చాప చుట్టడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. అంత నెమ్మదిగా ఎవరైనా చాప చుడతారా అని నాకు నవ్వొచ్చింది. అమ్మ నా తొడ మీద గిల్లింది.

ఆ ఏడాదిలో అత్త ఒక్క ఆదివారం మానలేదు. చెప్పుల మధ్య కూర్చుని, అందరితో పాటు పాడి, బల్ల ఆదివారం వస్తే రొట్టె ముందుకు పోయేటప్పుడు తల వంచుకునేది. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, చూపు బాగా మందగించింది. ఆమె చర్చిలో వాకిలి వైపే మొహం పెట్టుకుని కూర్చునేది. వేళ్లు మడిచి వారాలు లెక్కపెట్టేది.

“ఇంక రెండు వారాలే. నా బిడ్డ నా పక్కన కూసుంటాది. నేను రొట్టె తినేటప్పుడు అదీ తింటాది. అంతవరకు ఉంటే చాలప్పా నాకు,” అని నాయనతో చెప్పేది. మా అవ్వకు అంతకంటే ఇంకో కోరిక లేదు. ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

గడువు తీరడానికి వారం ముందు, ఆదివారం బడిలో వాక్యం చెప్పే అమ్మ మాకు పడిన దూతల కథ చెప్పింది. ఆమెది వేలూరు. శనివారం రైలుకు వచ్చి సోమవారం పోయేది. గొంతు చిన్నది, కథ మాత్రం పెద్దగా చెప్పేది. పరలోకంలో వేకువ చుక్కలా వెలిగే ఒక దూత ఉన్నాడు, వాడికి దేవుడి కంటే ఎత్తున కూర్చోవాలని పుట్టింది, వాడి వెంట ఇంకా ఎందరో దూతలు తిరగబడ్డారు, దేవుడు వాళ్లందరినీ కిందికి తోసేశాడు, చీకట్లో సంకెళ్లు వేశాడు. ఇది మొదటి సగం. తరువాత ఆమె మా తలలు ఒక్కొక్కటే తాకుతూ రెండో సగం చెప్పింది. “వాళ్ళు వెలుగులో పుట్టినోళ్ళు, అంతా తెలిసి పడినారు. మనం మట్టి. మట్టి అని ఆయనకు తెలుసు. దూతలకు లేని మాట మనుషులకు ఉండాది. ఏడ్చి అడిగితే ఆయన తియ్యని తలుపు లేదు. ఇది మరిచిపోవద్దండి బిడ్డలారా.”

నేను మరిచిపోలేదు. అదే కదా నా బాధ.

అమ్మ, అత్త, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఒక నేతింట్లో కండెలు చుట్టే పనికి పోయేవాళ్లు. ఆ ఇంటివాళ్లు తెలుగువాళ్లే, హిందువులు. మేము లోపలికి పోము, పెరటి కొట్టం వరకే. అక్కడ నాలుగు రాట్నాలు వేసి ఉండేవి. నేను చిక్కుపడిన నూలు విడదీసి ఇచ్చేదాన్ని. పని కంటే కథకే నన్ను పిలిచేవాళ్లు. మధ్యాహ్నం అన్నం తిన్నాక చేతులు బరువెక్కుతాయి, అప్పుడు నా గొంతు కావాలి. ఆ ఇంటి అమ్మ కూడా ఒక పీట తెచ్చుకుని కొట్టం గడప అవతల కూర్చునేది.

ఆ శుక్రవారం ఆమే అడిగింది. “ఏమే పిల్లా, పోయిన ఆదివారం మీ కోయిల్లో ఏం కథ చెప్పినారు? ఇట్లే ఊరికే చుడతా ఉంటే వీళ్ళకు నిద్రొస్తాది. చెప్పు చెప్పు.”

నేను మొదలుపెట్టాను. వాక్యం చెప్పే అమ్మ చెప్పిన దానికి నా సొంతం కలిపాను. ఆ దూత ఒక్కో రెక్క, తెల్లారి వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు సాగదీసి గంజి పెట్టిన పడుగంత ఉంది అన్నాను. వాళ్లు పడుతున్నారు, పడుతున్నారు, ఆంబూరులో కూసిన రైలు మన ఊరికి వచ్చేటంతసేపు పడుతూనే ఉన్నారు అన్నాను. రాట్నాలు నెమ్మదించాయి. చీకటి, సంకెళ్లు చెప్పి ఆపాను, ఊపిరి పీల్చుకుందామని.

“అయ్యో పావం!” అంది నేతింటి అమ్మ. “ఆ తరువాత?”

ఆ ‘అయ్యో’ నాకు బెల్లంలా ఉంది. “అంతే,” అన్నాను.

“అంతే అంటే ఏమే? మళ్ళా పైకి పిలుచుకోలేదా?”

“లేదు.”

ఆమె పకపకా నవ్వింది. “ఏమ్మా, మీ దేవుడికి అంత కోపమా! మా పళ్ళికొండ రంగనాథుడు లేడా, ఆయన వాకిలి కాసేవాళ్ళిద్దరు గూడా అట్లే పడినారు. మునులు శాపం పెట్టినారు. మూడు జన్మలు రాక్షసులయి పుట్టి, ఆయన చేతిలోనే చచ్చి, తిరిగి వచ్చి అదే వాకిట్లో నిలబడినారు. కావాలంటే పోయి చూడు, గద పట్టుకోని నిలబడే ఉండారు. తన వాకిలి కాసినోళ్ళను ఎవురైనా అట్లే వదిలేస్తారా?”

మిగతా ఆడవాళ్లు కూడా నవ్వారు. మా అమ్మ కూడా పెదవి బిగబట్టి నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. నా కథను ఆమె కథ మింగేసినట్లయింది. “మా దేవుడు మీ దేవుడి మాదిరి కాదు,” అన్నాను. “ఒకసారి తోసేసినాడంటే తోసేసినట్లే!”

“అబ్బో! నీకుండే పొగరు ఆ దూతకు గూడా ఉండి ఉండదే,” అంది ఆమె. మళ్లీ నవ్వులు.

అప్పుడు అత్త రాట్నం ఆగింది. అత్త నవ్వలేదు. నూలుపోగు వేళ్ల మధ్య పట్టుకునే నా వైపు చూసింది. “అమ్మణ్ణీ, వాళ్ళు ఏడ్చినా గూడానా? తప్పయిందని చెప్పినా గూడానా?”

అత్త ఎవరి గురించి అడుగుతున్నదో నాకు తెలుసు. పదేళ్ల పిల్లకేం తెలుసు అని మీరనుకోవచ్చు, నాకు తెలుసు. రెండో సగం నా నాలుక మీదే ఉంది. కానీ గడప అవతల నేతింటి అమ్మ నవ్వుమొహంతో కాచుకుని ఉంది. ఇప్పుడు నేను తలుపు తెరుచుకుంటుంది అన్నానంటే, ‘చూసినావా, మీ దేవుడూ అంతేనే’ అంటుంది. ఆమె ముందు ఓడిపోవడం నాకు ఇష్టం లేదు.

“ఏడ్చినా గూడా,” అన్నాను. “ఒక్కరు గూడా తిరిగి రాలేదు. వాకిలి మూసేసినాడు.”

ఆ వాకిలి మాట వాక్యం చెప్పే అమ్మ చెప్పినది కాదు, నేను కలిపింది.

అత్త “సరి” అంది. రాట్నం మళ్లీ తిప్పింది. చేతిలో ఉన్న కండె నిండేదాకా చుట్టింది, దాన్ని బుట్టలో పెట్టింది. పోతూ పోతూ నా తల నిమిరింది. “బాగా చెప్తావమ్మా కథ,” అంది.

ఆదివారం అవ్వ ముందే లేచింది. సౌడుమట్టి పెట్టి ఉతికిన తెల్లచీర కట్టుకుంది. చర్చిలో మా వరసలో తన చాపకు ఆనుకుని జానెడు జానెడు కొలిచి ఒక చాపంత చోటు వదిలిపెట్టింది. పక్కింటి ఆమె కొంచెం ఇటు జరిగితే, “ఇది నా బిడ్డ చోటు, జరుగమ్మా జరుగు” అంది. పాదిరయ్య వచ్చాడు. వాకిలి దగ్గర చెప్పులు మాత్రమే ఉన్నాయి.

నాయన లేచిపోయాడు. కొంతసేపటికి చుట్టిన చాప ఒకటి పట్టుకుని ఒంటరిగా తిరిగి వచ్చాడు. గుడిసె తడిక కట్టి ఉందట, చీర లేదు, చెంబు లేదు. గోడకు ఆనించిన చాప ఒక్కటే ఉందట. వేకువనే ఒక ఆడమనిషి రైలు స్టేషను దారిలో నడిచిపోతుంటే బండివాడొకడు చూశాడని తరువాత తెలిసింది.

“వచ్చినాదా? యాడుండాది?” అని అవ్వ అడుగుతూనే ఉంది. రొట్టె వచ్చింది. అవ్వ తీసుకోలేదు. “అది వచ్చినాక తింటా,” అంది. పాదిరయ్య రొట్టె పళ్లెం పట్టుకుని ముందుకు పోయాడు.

అమ్మ కొట్టంలో జరిగింది మరిచిపోయినట్లుంది, లేక దానికీ దీనికీ ముడి వేయలేదు. నేతింటి అమ్మ మాత్రం నన్ను ఒకసారి అడిగింది, “మీ అత్త యాడికి పోయిందే? ఆ రోజు మొగం ఎట్లనో పెట్టింది” అని. తెలియదన్నాను. అడిగిన వాళ్లందరికీ తెలియదన్నాను. యాడికి పోయిందో నిజంగా తెలియదు కాబట్టి అబద్ధం ఆడినట్లు కాదని నాకు నేను చెప్పుకున్నాను.

అవ్వ తరువాతి మూడు బల్ల ఆదివారాలూ రొట్టె ముట్టలేదు. నాలుగోది రాకముందే వానల్లో దగ్గు పట్టి పోయింది. ఆఖరి మాట కూతురి కోసమే. నేను కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు. ఊరందరికీ కథలు చెప్పే నోరు.

నాయన చేసిన పని ఒకటుంది. ప్రతి బల్ల ఆదివారం ఆ చాపను చంకన పెట్టుకుని వచ్చి, మా వరసలో అవ్వ కొలిచిన చోట పరిచేవాడు. ప్రార్థన అయ్యాక దుమ్ము దులిపి చుట్టి ఇంటికి తెచ్చి అటక మీద పెట్టేవాడు. ఆయన కూర్చోడు, ఇంకొకరిని కూర్చోనివ్వడు. మొదట్లో గొణిగినవాళ్లు తరువాత అలవాటు పడ్డారు. పదమూడేళ్లు అలా పరిచాడు. ఆ మధ్యలో జర్మనీ యుద్ధం వచ్చిపోయింది, నా పెళ్లి అయింది, నాకు మొదటి బిడ్డ పుట్టింది. ఒకసారి అడిగాను, “యాల నాయనా ఊరికే మోస్తావు?” అని. “నేనే కదమ్మా జరిపింది,” అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

నాయన పోయిన మరుసటి ఏడాది, రెండో కాన్పు కష్టమైతే నన్ను వేలూరు ఆడవాళ్ల ఆసుపత్రికి ఎడ్లబండిలో తీసుకుపోయారు. బిడ్డ బతికింది, నేనూ బతికాను. ఎనిమిదో రోజు కాస్త నడవమంటే పెరటి వైపు పోయాను. అక్కడ బండ మీద ఆసుపత్రి గుడ్డలు ఉతికే ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఒకామె తడి దుప్పటి పిండుతూ వీపు తిప్పి ఉంది. ఆ మెడ మా నాయన మెడ. వయసు మళ్లిన మెడ.

“అత్తా,” అన్నాను.

ఆమె తిరిగి చూసింది. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక దుప్పటి రెండో కొన నా చేతికిచ్చింది. “పట్టుకో, పిండుదాం. పచ్చి బాలింతవు, గట్టిగా తిప్పబాక,” అంది. పిండాం. ఆ దుప్పటి ఆరేసేటప్పుడే, మొహాలు కనబడని చోట నిలబడి, మొత్తం చెప్పేశాను. ఆ కథకు రెండో సగం ఉంది అత్తా, నాకు తెలుసు, నేను ఆపేశాను, నేతింటి అమ్మ ముందు ఓడిపోతానని ఆపేశాను.

“ఆ రెండో సగం నాకు తెలుసమ్మా,” అంది దుప్పటి అవతల నుంచి. “వాక్యం చెప్పే అమ్మే నన్ను ఈడ చేర్చింది, మన ఊళ్ళో చెప్పొద్దని ఆమెతో మాట తీసుకున్నా. ఈ ఊరి చర్చిలో చేరి పన్నెండేళ్ళాయ. బల్ల తీసుకుంటా ఉండాను.”

“మరి ఇంటికి ఎందుకు రాలేదత్తా?”

దుప్పటి ముడతలు అవతల నుంచి లాగుతూ అంది. “అప్పుడు నువ్వు చిన్నపిల్లవు. వాకిలి మూసేసినాడు అనే మాట నీ నోట్లో ఎవురు పెట్టినారు అని ఆలోచన చేసినాను. మా అన్న పెట్టినాడనుకున్నా. గడువు అయిపోతాండాది కదా, ‘దీన్ని మళ్ళా వరసలో కూసోబెట్టేదానికి నాకు మొగం లేదు’ అనుకోని, ఆ మాట నాతో నేరుగా చెప్పలేక బిడ్డతో కథ మాదిరి చెప్పించినాడు అనుకున్నా. దేవుడు రమ్మన్నాడని ఈడ తెలిసింది. అన్న రమ్మనలేదు కదా.”

ఆ బండ మీదే కూర్చున్నాను. నాయన చాప సంగతి చెప్పాను. పదమూడేళ్లు మోశాడని, పరిచాడని, దులిపాడని. అవ్వ రొట్టె ముట్టకుండా పోయిందని. అత్త దుప్పటి పక్కకు తీసి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“ఆ చాప యాడుండాది?”

“నాయనను దాంట్లోనే చుట్టినాం అత్తా. ఇంట్లో కొత్తగా ఉండేది అదొక్కటే.”

అత్త నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తడి చేతులు చీరకు తుడుచుకుని, “బిడ్డ ఏడుస్తా ఉంటాది, పో,” అంది.

ఆ తరువాతి బల్ల ఆదివారానికి అత్త రైలు దిగి వచ్చింది. చంకన కొత్త చాప. వేలూరులో బల్ల తీసుకునే మనిషి, నేరుగా లోపలికి రావచ్చు. రాలేదు. వాకిలి దగ్గర చెప్పులు పక్కకు జరిపి, చాప పరిచి కూర్చుంది. “నన్ను ఈడ జరిపినారు, ఈడ్నుంచే లేపాల,” అంది.

పాదిరయ్య కొత్తవాడు. ఆయనకు పెద్దలు చెవిలో చెప్పారు. “ఆ ఇంటి మగవాళ్లు ఎవరు?” అని అడిగాడు. ఎవరూ లేరు, నా పెనిమిటిది వేరే ఇంటి పేరు. నేను లేచాను. “నేను ఎత్తుతానయ్యా.”

“ఆడది ఎత్తేది యాడైనా ఉండాదా?” అని కుడి పక్క నుంచి ఒకాయన గట్టిగానే అన్నాడు.

“మోయలేనంత బరువేమీ లేదుగా, ఎత్తనీ,” అన్నాడు పాదిరయ్య.

ఎత్తాను. నడిచినంతసేపూ అనుకున్నాను, ఇప్పుడు చెప్పాలి, ఈమె పోయింది తన తప్పు వల్ల కాదు, నా మాట వల్ల అని అందరి ముందు చెప్పాలి. అవ్వ కొలిచిన చోట చాప పరిచాను. అందరూ లేచి పాట అందుకున్నారు. పాట అయిపోయింది. నేను చెప్పలేదు. అత్త ఆ పక్క చూసింది, ఈ పక్క చూసింది. ఒక పక్క మా అమ్మ, ఇంకో పక్క నేను. తల్లి లేదు, అవతల మగవాళ్ల వరసలో అన్న లేడు. రొట్టె అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, “ఇంత ఆలస్యంగా వచ్చినానే అమ్మా,” అంది. నాతో కాదు. తిన్నది. సాయంత్రం రైలుకు వెళ్లిపోయింది. చాప నా దగ్గరే వదిలిపోయింది. మళ్లీ రాలేదు. నేనే రెండు మూడుసార్లు వేలూరు పోయి చూసి వచ్చాను. ఆఖరుసారి పోతే బండ దగ్గర వేరే ఆడవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మా చర్చికి పెంకులు వేశారు, ముందు వరసలకు బెంచీలు వచ్చాయి. నేను మాత్రం ఆ చాప తీసుకుపోయి వాకిలి దగ్గర, చెప్పుల మధ్య పరుచుకుంటాను. ముసలిదానికి గాలి ఆడాలని అందరూ అనుకుంటారు. మనవళ్లు నా చుట్టూ చేరి కథ అడుగుతారు. పడిన దూతల కథ కావాలంటే మొదట రెండో సగం చెబుతాను, మట్టి మాట, తలుపు మాట. తరువాతే రెక్కలు, చుక్కలు, పడడం. “అవ్వా, తలకిందులుగా చెప్తాండావు,” అని నవ్వుతారు. నవ్వనీ అని అట్లే చెబుతాను.

“నువ్వు యాల ఈడ కూసుంటావు?” అని మొన్న చిన్న మనవరాలు అడిగింది.

“గాలి వస్తాదని,” అన్నాను. అది కూడా సగమే. మిగతా సగం ఇదిగో, ఇక్కడ రాశాను.